అమ్ముడుపోని నంబర్ వన్

తొలి ఆల్బమ్‌కే 'నంబర్ వన్ రికార్డ్' అని పేరు పెట్టుకున్న బ్యాండ్‌ని ఏమనుకోవాలి? పొగరు అనుకోవచ్చు, వెటకారమూ అనుకోవచ్చు. బ్యాండ్ పేరేమో 'బిగ్ స్టార్'. అదీ ఆకాశంలోకి చూసి పెట్టుకున్న పేరు కాదు. అమెరికాలోని మెంఫిస్‌లో, వాళ్ళు రికార్డింగ్ చేసుకునే స్టూడియోకి దగ్గర్లో ఉన్న సూపర్ మార్కెట్ పేరు. హైదరాబాద్‌లో నలుగురు కుర్రాళ్ళు బ్యాండ్ పెట్టి 'రత్నదీప్' అని పేరు పెట్టుకున్నట్టన్నమాట.

1972లో వచ్చిన ఆ ఆల్బమ్ నంబర్ వన్ సంగతి దేవుడెరుగు, అప్పట్లో పదివేల కాపీలు కూడా అమ్ముడుపోలేదంటారు. 2003కి వచ్చేసరికి, రోలింగ్ స్టోన్ పత్రిక అన్ని కాలాల్లోకీ గొప్పవని 500 ఆల్బమ్‌ల జాబితా వేస్తే, ఈ బ్యాండ్ డెబ్బైల్లో చేసిన మూడు ఆల్బమ్‌లూ అందులో ఉన్నాయి. ఆర్.ఇ.ఎం. వాళ్ళు తమ మీద వీళ్ళ ప్రభావం ఉందని చెప్పుకున్నారు. రీప్లేస్‌మెంట్స్ అనే బ్యాండ్ అయితే 1987లో ఏకంగా 'అలెక్స్ చిల్టన్' అని వీళ్ళ గాయకుడి పేరుతోనే పాట కట్టింది.

ఈ కథని సాధారణంగా ఒక నీతికథలా చెప్తుంటారు. మంచి పని ఎప్పటికైనా బయటికొస్తుంది, కాస్త ఆలస్యమవుతుందంతే, అని. కొన్ని నెలలుగా ఈ ఆల్బమ్ రీమాస్టర్లు వింటున్నాను. 2014లో వచ్చినది ఫోన్‌లో, 2020లో వచ్చిన ఎల్పీ ఇంట్లో. వింటున్నకొద్దీ ఆ నీతి మీద నమ్మకం తగ్గుతోంది. ఆల్బమ్ మీద ఇష్టం మాత్రం పెరుగుతోంది. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదిరాయో చెప్పుకుందామని ఈ వ్యాసం.

ముందు ఈ సంగీతం ఎలా ఉంటుందో చెప్పాలి. పవర్ పాప్ అనే మాటని 1967లో 'ద హూ' బ్యాండ్ పీట్ టౌన్షెండ్ వాడాడు. బీటిల్స్ లాంటి తీయటి ట్యూన్, పైన రెండు మూడు గొంతులు కలిసే హార్మనీ, కింద మాత్రం గట్టిగా మోగే ఎలక్ట్రిక్ గిటార్లు. మూడు నిమిషాల పాట. సోలోలు సాగదీయరు, తాత్వికత దంచరు. 1972లో అమెరికన్ రాక్ పాటలు పొడుగై, బరువై పోతున్న రోజుల్లో ఈ నలుగురూ (అలెక్స్ చిల్టన్, క్రిస్ బెల్, ఆండీ హమ్మెల్, జోడీ స్టీఫెన్స్) ఏడెనిమిదేళ్ళ కిందటి ఇంగ్లిష్ బ్యాండ్‌ల మీద మనసు పారేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో చిల్టన్‌కి అప్పటికే పేరుంది. పదహారేళ్ళ వయసులో బాక్స్ టాప్స్ అనే గ్రూపులో 'ద లెటర్' పాడాడు. 1967లో అది నిజంగానే నంబర్ వన్ అయింది. ఒకసారి నంబర్ వన్ అయినవాడు ఉన్న బ్యాండే ఈ పేరు పెట్టుకుందని గుర్తుంచుకుంటే, ఆ పేరులో పొగరు కన్నా ఆట ఎక్కువ వినిపిస్తుంది.

వీళ్ళ స్టూడియో పేరు ఆర్డెంట్. యజమాని జాన్ ఫ్రై. స్వతహాగా ఇంజనీరు బుర్ర. స్కూలు రోజుల నుంచే ఇంట్లో రికార్డింగ్ సరంజామా పెట్టుకుని మొదలుపెట్టినవాడు. ఈ కుర్రాళ్ళకి రికార్డింగ్ నేర్పించాడు. రాత్రిళ్ళు స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడు వాళ్ళని వాడుకోనిచ్చాడు. క్రిస్ బెల్ ఆ అవకాశాన్ని పిచ్చిగా వాడుకున్నాడు. గిటార్ మీద గిటార్, గొంతు మీద గొంతు, పొర మీద పొర. ఫ్రై వాటిని ఒకదాన్నొకటి తినేయకుండా ఎక్కడికక్కడ విడిగా వినిపించేలా మిక్స్ చేశాడు. ఈ ఆల్బమ్ గురించి ఎవరు మాట్లాడినా ముందుగా చెప్పేది ఆ గాజులాంటి స్పష్టత గురించే.

మరి ఎక్కడ తేడా కొట్టింది? పత్రికల్లో రివ్యూలు బాగానే వచ్చాయి. దెబ్బ పడింది పంపిణీలో. ఆర్డెంట్ రికార్డుల్ని బయటికి పంపే బాధ్యత అదే ఊళ్ళోని స్టాక్స్‌ది. సోల్ సంగీతంలో స్టాక్స్ మహామహులు. ఓటిస్ రెడ్డింగ్, ఐజాక్ హేస్ వాళ్ళ కళాకారులే. కానీ నలుగురు తెల్ల కుర్రాళ్ళ గిటార్ పాటల్ని ఏ రేడియోకి పంపాలో, ఏ షాపులో పెట్టించాలో వాళ్ళకి అలవాటు లేని పని. తర్వాత స్టాక్స్ తన పంపిణీని కొలంబియా చేతిలో పెట్టింది. కొలంబియా ఈ రికార్డుని పట్టించుకోలేదు. రివ్యూ చదివి, రేడియోలో విని, షాపుకెళ్ళి అడిగితే సరుకు లేదన్నమాట. 1974లో రెండో ఆల్బమ్ 'రేడియో సిటీ'కీ ఇదే గతి. 1975 చివర్లో స్టాక్స్ దివాలా తీసింది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఈ కథ కొత్త కాదు. కోడ్ బాగుంటుంది, టెస్టులన్నీ పాసవుతాయి, డెమో రోజు చప్పట్లు కొడతారు. ఈలోపు పైన ఎవరో ఎవరితోనో ఒప్పందం కుదుర్చుకుంటారు. ప్రాజెక్టు ప్రొడక్షన్‌కి వెళ్ళదు. కోడ్ తప్పు ఒక్కటీ ఉండదు.

ఇప్పుడు రీమాస్టర్ దగ్గరికి రండి. ఈ మాట మన దగ్గర బాగా చెడిపోయింది. పాత పాటకి కింద డబడబా బీట్లు తగిలించి 'ఝంకార్ బీట్స్' అని క్యాసెట్లు అమ్మిన దేశం మనది. ఇప్పటికీ యూట్యూబ్‌లో 'డిజిటల్లీ రీమాస్టర్డ్' అని ఉంటే సగం సార్లు ప్రతిధ్వని కలిపి సౌండ్ పెంచినదే. అందుకని అసలు రీమాస్టర్ ఏం చేస్తుందో, ఏం చేయదో చూద్దాం.

పాట తయారీలో చివరి రెండు దశలు మిక్సింగ్, మాస్టరింగ్. డ్రమ్స్, బేస్, గిటార్లు, గొంతులు వేర్వేరు ట్రాకుల్లో ఉంటాయి. ఏది ఎంత గట్టిగా, ఎడమవైపా కుడివైపా, అని తేల్చి రెండు చానళ్ళ టేపు మీదికి దించడం మిక్సింగ్. ఆ రెండు చానళ్ళ టేపు తీసుకుని, ఎల్పీకో సీడీకో సరిపడేలా చేసే చివరి దిద్దుబాటు మాస్టరింగ్. రీమాస్టర్ అంటే ఆ చివరి మెట్టు మాత్రమే మళ్ళీ ఎక్కడం. గిటార్‌ని వేరు చేసి పెంచడం అక్కడ కుదరదు. గొంతు వణికితే ఆ వణుకు అలాగే ఉంటుంది. మొత్తం మీద ట్రెబుల్ ఎంత, బేస్ ఎంత, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య తేడా ఎంత ఉండనివ్వాలి, ఇంతే చేతిలో ఉండేది. మన భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ ముట్టుకోకుండా ప్యాకేజింగ్ మార్చడం.

ఆ చిన్న పరిధిలో కూడా చెడగొట్టడానికి బోలెడు చోటుంది. తొంభైల నుంచి చాలా రీమాస్టర్లు ఒకటే పని చేశాయి, సౌండ్ పెంచడం. మెల్లటి భాగాన్ని పైకి లాగి గట్టి భాగంతో సమానం చేయడం. మొదట వినగానే భలే ఉందనిపిస్తుంది. నాలుగో పాటకి తలనొప్పి. ఊపిరి పీల్చుకునే చోటు ఉండదు.

2020 ఎల్పీని మెంఫిస్‌లోనే జెఫ్ పావెల్ మాస్టర్ చేశాడు. టేపు నుంచి ఎల్పీ దాకా మధ్యలో ఎక్కడా డిజిటల్‌లోకి మార్చకుండా. సూది పెట్టగానే నాకు మొదట అనిపించింది ఇది కాస్త మెల్లగా ఉందని. లేచి వాల్యూమ్ పెంచాను. పెంచాక తెలిసింది అది మెల్లగా లేదు, ఖాళీ ఉంచిందని.

నేను ఈ పాటలు మొదట విన్నది ఇంజనీరింగ్ హాస్టల్లో. ల్యాన్‌లో డీసీ ప్లస్ ప్లస్ ఉండేది, మా తరానికి అదే లైబ్రరీ. 128 కేబీపీఎస్ ఎంపీ త్రీలు. ఆ రేటులో సింబల్స్ మోగితే లోహం మోగినట్టుండదు, నీళ్ళలో గులకరాళ్ళు కడిగినట్టుంటుంది. 'ఇన్ ద స్ట్రీట్' అనే పాటని నేను చాలా ఏళ్ళు ఆ నీళ్ళ చప్పుడుతోనే ప్రేమించాను. పనీపాటా లేని సాయంత్రం, తిరగడానికి ఒక కారు, చేసేందుకు ఏమీ లేకపోవడం గురించి పాట. 'దట్ సెవెంటీస్ షో' చూసినవాళ్ళకి ఆ ట్యూన్ వేరేవాళ్ళ గొంతులో తెలిసే ఉంటుంది. ఇప్పుడు ఎల్పీలో సింబల్ సింబల్‌లా మోగింది. అయినా పాట నాకు కొత్తగా ఏం చెప్పలేదు. హాస్టల్లో అర్థమైందే మళ్ళీ అర్థమైంది.

నిజంగా తేడా తెలిసింది 'థర్టీన్'లో. పదమూడేళ్ళ ప్రేమ. డ్రమ్స్ లేవు. అకూస్టిక్ గిటార్లు, గొంతులు, అంతే. తీగ మీద వేలు జారినప్పుడు వచ్చే చిన్న కీచుమనే చప్పుడు ఉంటుంది చూడండి, అది ఇప్పుడు గదిలో వినిపిస్తోంది. ఆ వేలు కల మనిషి 2010 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది జులైలో ఆండీ హమ్మెల్. ఇంత దగ్గరగా వినిపించాక వాళ్ళు లేరన్న సంగతి కూడా దగ్గరికొస్తుంది. శుభ్రం చేసిన టేపుతో వచ్చే చిక్కు ఇదే. దూరాన్ని కాలం మీదికి నెట్టలేం.

ఎల్పీ మొదటి వైపు చివరి పాట 'ది ఇండియా సాంగ్'. రాసింది హమ్మెల్. ఇండియా వెళ్ళిపోయి అడవిలో పెద్ద తెల్ల బంగళాలో ఉంటూ, జిన్ తాగుతూ, పియానో వాయించుకుంటూ బతకాలని ఒక కుర్రాడి కల. వెనక వేణువులాంటి శబ్దం. హాస్టల్లో ఈ పాట వస్తే అందరం పడీ పడీ నవ్వేవాళ్ళం. మా వరంగల్ ఎండలో, ప్లేట్లు పట్టుకుని మెస్ లైన్లో నిలబడి వింటుంటే నవ్వు రాక ఏమొస్తుంది? ఆ బంగళాలో ఉన్నది దొరగారు కదా, మనం కాదు కదా. ఇప్పుడు వింటే నవ్వుతో పాటు ఇంకోటి కూడా అనిపిస్తోంది. మెంఫిస్‌లో కూర్చుని వాడు ఊహించుకున్న ఇండియా ఎంత అబద్ధమో, హాస్టల్లో కూర్చుని మేం ఊహించుకున్న మెంఫిస్ కూడా అంతే అబద్ధం. రాత్రిపూట తాళంచెవి చేతికిచ్చే స్టూడియో, ఎవరో ఒకరు వింటారన్న ధీమా. మేం కన్న కలలో వాళ్ళ సరుకు షాపుకే చేరలేదన్న సంగతి లేదు.

మేం అంటే ఊరికే వినేవాళ్ళం కాదు. నా రూమ్మేట్ పాటలు కట్టేవాడు, తెలుగులో. నలుగురం డబ్బులేసుకుని ఒక కండెన్సర్ మైకు కొన్నాం. ఫ్యాను ఆపి, తలుపు కింద దుప్పటి కుక్కి, చెమటలు కక్కుతూ రికార్డ్ చేసేవాళ్ళం. పాడేదీ గిటార్ వాయించేదీ వాడే. నేను ల్యాప్‌టాప్ దగ్గర కూర్చునేవాణ్ణి. నాలుగు పాటలు పూర్తయ్యాయి. కాలేజీ ఫెస్ట్‌లో పాడితే ముందు వరుసవాళ్ళు 'మాస్ సాంగ్ వెయ్యండన్నా' అని అరిచారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వచ్చాయి. వాడిప్పుడు హైదరాబాద్‌లో బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాడు, బాగానే ఉన్నాడు. గిటార్ వాళ్ళ అమ్మగారింట్లో అటక మీదుంది.

ఆ నాలుగు పాటల ట్రాకులు నా దగ్గరున్నాయి. బిగ్ స్టార్ ఎల్పీ విన్న వారంలో వాడికి ఫోన్ చేశాను.

"అరేయ్, మన పాటలు మళ్ళీ మిక్స్ చేసి పెడదామా? ఇప్పుడు స్పాటిఫైలో పెట్టడం ఎంతసేపు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "ఎవరి కోసం రా?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. బిగ్ స్టార్ కథ చెప్పాను, ముప్పై ఏళ్ళ తర్వాత ఎంత పేరొచ్చిందో చెప్పాను. వాడు ఒకటే అడిగాడు, "మరి ఆ గిటార్లు పొరలు పొరలుగా పేర్చినవాడో?"

వాడికి క్రిస్ బెల్ కథ నాకన్నా బాగా తెలుసు. హాస్టల్లో ఆ ఫోల్డర్ నాకిచ్చింది వాడే.

క్రిస్ బెల్ 'నంబర్ వన్ రికార్డ్' దెబ్బతిన్న ఏడాదే బ్యాండ్ వదిలేశాడు. ఆ ఓటమి అతన్ని మిగతా ముగ్గురికన్నా ఎక్కువ కుంగదీసింది, ఎందుకంటే ఆ ఆల్బమ్ ఎక్కువగా అతని చేతిపనే. తర్వాత సొంతంగా పాటలు రికార్డ్ చేశాడు. ఫ్రాన్స్ వెళ్ళాడు, లండన్ వెళ్ళాడు, కంపెనీల చుట్టూ తిరిగాడు. మెంఫిస్‌కి తిరిగొచ్చి వాళ్ళ నాన్నగారి రెస్టారెంట్ వ్యాపారంలో పనిచేశాడు. 1978లో ఒక చిన్న లేబుల్ అతని పాట 'ఐ యామ్ ద కాస్మోస్'ని సింగిల్‌గా తెచ్చింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో బిగ్ స్టార్ మొదటి రెండు ఆల్బమ్‌లూ కలిపి డబుల్ ఎల్పీగా మళ్ళీ విడుదలయ్యాయి. అదే ఏడాది డిసెంబర్ 27న కారు ప్రమాదంలో బెల్ చనిపోయాడు. 27 ఏళ్ళు. అతని సొంత ఆల్బమ్ బయటికొచ్చింది 1992లో.

కాబట్టి 'ఎప్పటికైనా' అనే మాట ఎవరికి ఊరట? వినేవాళ్ళకి. మనం ఆలస్యంగా వచ్చినా అంతా సర్దుకుందని చెప్పుకోవడానికి. రీమాస్టర్ కూడా ఒక రకంగా ఆ ఊరటనే అమ్ముతుంది. చూడండి, ఎంత బాగా తుడిచామో, ఇప్పుడు న్యాయం జరిగింది అని. కానీ 1972లో చెడింది శబ్దం కాదు. శబ్దం అప్పుడే గాజులా ఉంది. చెడినదాన్ని ఏ మాస్టరింగ్ ఇంజనీరూ బాగు చేయలేడు. లెక్క ప్రకారం చూస్తే ఈ ఆల్బమ్‌కి జరిగిన అతి ముఖ్యమైన రీఇష్యూ 2014దీ కాదు, 2020దీ కాదు. 1978లో వచ్చిన ఆ ఇంగ్లిష్ డబుల్ ఎల్పీ. అందులో కొత్తగా తుడిచిన శబ్దమని గొప్పలేం లేవు. అది చేసిందల్లా షాపులో దొరకడం.

ఇంకోటి కూడా ఉంది. బయటికొచ్చిన మంచి పనులే మనకి తెలుస్తాయి కాబట్టి మంచి పని బయటికొస్తుందని అనుకుంటాం. రానివి లెక్కలోకే రావు. రావాలంటే ముందు టేపు ఉండాలి. 2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ మంటల్లో ఎన్నో మాస్టర్ టేపులు బూడిదయ్యాయి. అంత దూరం ఎందుకు, మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటే ఇప్పుడు లేదు. దాన్ని ఏ టెక్నాలజీతో రీమాస్టర్ చేస్తాం? బిగ్ స్టార్‌కి పునర్జన్మ దొరికిందంటే పాటలు గొప్పవి కావడం ఒక కారణం మాత్రమే. రెండో కారణం చాలా మామూలుది. టేపులు పోలేదు. స్టాక్స్ దివాలా తీసినా దాని కేటలాగ్ ఫాంటసీ అనే కంపెనీకి చేరింది. ఆర్డెంట్ స్టూడియో మూతపడలేదు. డ్రమ్మర్ జోడీ స్టీఫెన్స్ తర్వాత అదే స్టూడియోలో ఉద్యోగంలో చేరి దశాబ్దాలు పనిచేశాడు. 2009లో వచ్చిన నాలుగు డిస్కుల బాక్స్ సెట్‌లో డెమోలు, వేరే మిక్సులు అన్నన్ని ఉన్నాయంటే, ఎవరూ అడగని రోజుల్లో ఎవరో వాటికి పేర్లు రాసి, అరల్లో పెట్టి ఉంచబట్టే.

ఇది ప్రతిభ కథ కాదు, హీరోయిజం అంతకన్నా కాదు. స్టోర్‌రూమ్ కథ. అయినా నాకు ఇందులోనే ఎక్కువ ధైర్యం కనిపిస్తోంది. పాట గొప్పగా రావడం మన చేతిలో సగమే ఉంటుంది. జనం వినడం అసలే ఉండదు. పారేయకుండా దాచడం మాత్రం పూర్తిగా మన చేతిలో పని.

జాన్ ఫ్రై 2014 డిసెంబర్‌లో చనిపోయాడు. ఆ ఏడాది రీమాస్టర్ వచ్చిన కొన్ని నెలలకి. ఆల్బమ్ అమ్ముడుపోని రోజుల నుంచి దానికి ఇంత పేరొచ్చిన రోజుల దాకా ఆ స్టూడియోతోనే ఉన్నవాడు. 'ద బాలడ్ ఆఫ్ ఎల్ గూడో'లో కోరస్ దగ్గర గొంతులన్నీ ఒక్కసారి లేస్తాయి. ఎదురుగాలికి వంగనని మొండికేసినవాడి పాట అది. లేచిన ప్రతి గొంతూ విడిగా వినిపిస్తుంది, అన్నీ కలిసీ వినిపిస్తాయి. ఆ పని రీమాస్టర్‌ది కాదు. మిక్సింగ్ బల్ల దగ్గర ఫ్రై అప్పుడే చేసేసిన పని. యాభై ఏళ్ళ తర్వాత ఇంకొకరు చేయాల్సిందల్లా దానికి అడ్డం రాకుండా ఉండటం.

మా వాడి పాటలు నేను స్పాటిఫైలో పెట్టలేదు. అవి వాడివి. ఎప్పుడు పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో వాడిష్టం. కాకపోతే ఆ ట్రాకులన్నీ తీసి, ఏది గిటారో ఏది గొంతో ఫైళ్ళకి పేర్లు సరిచేసి, తేదీలు రాసి, మూడు చోట్ల కాపీలు పెట్టాను. ఒకటి నా దగ్గర, ఒకటి క్లౌడ్‌లో, మూడోది ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టి వాడికి పంపాను. అందిందని మెసేజ్ పెట్టాడు. కింద ఇంకో లైను. రెండో పాటలో ఫ్యాను చప్పుడు ఇంకా ఉందట.

అంటే విన్నాడు.